సూది, దారం, 216 గడులు: ఒక గోడ బొమ్మ డైరీ

1వ రోజు

ఇవాళ గోడ కొలిచాం. వెడల్పు 36 అడుగులు, ఎత్తు 24. కిటికీ ఒక్కటి కూడా లేని పడమటి గోడ, ఎదురుగా సందు. ఆ సందు వెడల్పు 20 అడుగులే. అదే నన్ను ఆలోచనలో పడేసింది. 24 అడుగుల ఎత్తున్న బొమ్మని అంత దగ్గర నుంచి ఒక్క చూపులో చూడటం కుదరదు. మెడెత్తి చూడాలి, లేదంటే నడుస్తూ ముక్కలు ముక్కలుగా చూడాలి. కాబట్టి బొమ్మ నడిచే మనిషి కోసమే ఉండాలి.

అనుకున్నది ఇది: రెండు చేతులు, ఒక సూది, ఒక ఎర్ర దారం. ఎడమ చివర కింద దారపు రీలు ఉంటుంది. అక్కడ మొదలైన దారం గోడంతా తిరిగి కుడి చివరకి వెళ్తుంది. ఈ బిల్డింగ్ కింది గదిలో ఒక పెద్దాయన చాలా ఏళ్ళుగా మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతున్నారు. ఆయన చేతులే నాకు మోడల్.

ఓనరు గారితో కాగితం రాసుకున్నాం. బొమ్మని కనీసం ఐదేళ్ళు ఉంచాలి, ఈలోపు చెరిపేయాల్సి వస్తే 90 రోజుల ముందు నాకు చెప్పాలి. ఈ 90 రోజుల లెక్క నేను అమెరికా చట్టం నుంచి తీసుకున్నాను. 1990లో అక్కడ చిత్రకారుల, శిల్పుల హక్కుల కోసం ఒక చట్టం వచ్చింది. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ అని ఒక పాత ఫ్యాక్టరీ ఉండేది. దాని గోడల నిండా గ్రాఫిటీ ఆర్టిస్టులు ఏళ్ళ తరబడి వేసిన బొమ్మలే. 2013 నవంబరులో ఓనరు రాత్రికి రాత్రి వాటి మీద తెల్ల రంగు కొట్టించేశాడు. ఆ చట్టం కిందే ఆర్టిస్టులు కోర్టుకెళ్ళారు. 2018లో 21 మందికి కలిపి 67.5 లక్షల డాలర్లు ఇవ్వమని తీర్పు వచ్చింది. గోడ బొమ్మ ఎప్పటికైనా పోయేదే, ఆ సంగతి తెలిసే ఈ పనిలోకి వచ్చాను. కానీ పోయేముందు ఒక మంచి ఫోటో తీసుకునే టైమన్నా ఉండాలి.

2, 3వ రోజులు

గోడకి చెమ్మ పరీక్ష. అడుగున్నర చదరం ప్లాస్టిక్ ముక్కలు ఆరు కోసి, గోడ మీద ఆరు చోట్ల నాలుగు అంచులూ టేపుతో మూసేశాం. కనీసం 16 గంటలు అలా వదిలేయాలి. మర్నాడు తీసి చూస్తే ఐదు పొడిగా ఉన్నాయి. ఎడమ మూల అడుగున అంటించిన దాని లోపలి వైపు మాత్రం నీటి బిందువులు. ఆ మూలలోనే పైనుంచి దిగే పైపు ఉంది, దాని జాయింటు కారుతోంది. సిమెంటు మీద తెల్లగా ఉప్పు తేలి, గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది.

ఈ ఉప్పు గురించి ఒక మాట. చాలామంది నీళ్ళు కొట్టి కడిగేస్తారు. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది, ఆరగానే మళ్ళీ పైకి తేలుతుంది. పొడిగా ఉన్నప్పుడే ఇనప బ్రష్షుతో రాల్చి, ఊడ్చి బయట పారేయాలి. అసలు నీరు వచ్చే దారి మూయకుండా ఏం చేసినా దండగే.

ఓనరు గారు పైపు బాగుచేసే మనిషిని పిలిపిస్తానన్నారు.

4వ రోజు

పైపు జాయింటు మార్చారు. దాని పక్కన ఊడిన పెచ్చులు కొట్టేసి కొత్తగా సిమెంటు పూశారు. "త్వరగా ఆరే మెటీరియల్ మేడమ్, వారంలో రంగేసుకోవచ్చు" అన్నాడు ఆ పని చేసినతను. నేను సరేనన్నాను.

6వ రోజు

పెద్దాయన చేతులు గీయడానికి కూర్చున్నాను. ముందే ఫోటోలు చూసి ఒక స్కెచ్ వేసుకుని వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని దాన్ని చాలాసేపు చూశారు.

"నడిమి వేలు ఊరికే ఉందేంటమ్మా?"

"అంటే బాబాయ్ గారూ?"

"సూదిని పట్టుకునేది బొటనవేలు, చూపుడు వేలు. నెట్టేది నడిమి వేలు. నీ బొమ్మలో పట్టుకున్నారు గానీ ఎవరూ నెట్టట్లేదు."

సూది తీసుకుని కుట్టి చూపించారు. వేలికి చిన్న ఇత్తడి టోపీ తొడుక్కున్నారు. దాని మీద చిన్న చిన్న గుంటలుంటాయి, సూది తల జారిపోకుండా వాటిలో ఆగుతుంది. ప్రతి కుట్టుకీ నడిమి వేలు లోపలికి మడుచుకుని, కణుపు దగ్గర ఎముక తెల్లగా పైకి తేలి, మళ్ళీ వదులవుతోంది. చేతిలో బలమంతా ఆ ఒక్క కణుపు దగ్గరే ఉంది. నేను మాత్రం ఆ వేలిని అందంగా పక్కకి వంచి గీశాను.

స్కెచ్ మొత్తం చింపి మళ్ళీ మొదలుపెట్టాను. పదకొండు సార్లు ఆ ఒక్క వేలే గీశాను. సాయంత్రానికి కుదిరింది.

7వ రోజు

గ్యాలరీ చూసుకునే ఆవిడ ఫోన్ చేశారు. గోడ పూర్తయ్యే సమయానికి తన దగ్గర ఒక చిన్న ప్రదర్శన పెడదామని, రెండడుగుల చదరం కాన్వాసులు ఆరు కావాలని అడిగారు. "ఆ గోడ బొమ్మనే చిన్న సైజులో వేసివ్వండి, జనం ఇంటికి తీసుకెళ్ళేలా ఉండాలి" అన్నారు. షరతులన్నీ కాగితం మీద పెట్టుకున్నాం: ఎన్ని బొమ్మలు, ఎన్ని వారాలు, అమ్మితే ఆవిడ వాటా ఎంత, డబ్బు ఎన్నాళ్ళలో నాకు చేరాలి, బొమ్మ దెబ్బతింటే ఎవరు భరించాలి. గ్యాలరీ వాటా చాలాచోట్ల 40 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి ఇది చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ అద్దె, లైట్లు, కొనేవాళ్ళని పిలవడం, ఒక్కటీ అమ్ముడుపోని నెల, అన్నీ అందులోనే ఉన్నాయి. నాకు ఆ వాటా గురించి గొడవ లేదు. చేతిలో కాగితం లేకుండా బొమ్మలు అప్పగించడం గురించే భయం.

పని వేళలు గోడే నిర్ణయించింది. పడమటి గోడ కాబట్టి మధ్యాహ్నం దాకా నీడ. ఎండ పడ్డాక యాక్రిలిక్ రంగు బ్రష్షు తీసేలోపే ఆరిపోతుంది, ఒక పూతలో ఇంకో పూత కలవదు. అందుకని పొద్దున గోడ, మధ్యాహ్నం గదిలో కాన్వాసు.

9వ రోజు

పరంజా కట్టారు. ప్రైమర్ నిన్నే అయిపోయింది, సిమెంటు క్షారాన్ని తట్టుకునే రకం. కొత్త పూత ఉన్న ఎడమ మూల మాత్రం వదిలేశాం.

ఇవాళంతా గడులు గీయడమే. నాకు సాయం చేసే తమ్ముడూ నేనూ చాక్ పొడి పట్టించిన దారాన్ని రెండు చివరలా బిగించి పట్టుకుంటాం, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నగా గీత పడుతుంది. రెండడుగులకొక గీత. అడ్డంగా 18, నిలువుగా 12, మొత్తం 216 గడులు. కింద నుంచి పైకి అంకెలు, ఎడమ నుంచి కుడికి అక్షరాలు. ఙ, ఞ వదిలేస్తే 'క' నుంచి 'న' దాకా సరిగ్గా 18 అక్షరాలు. ఇంత చక్కగా అమరుతుందని నేను అనుకోలేదు. తమ్ముడు కింద నుంచి "అక్కా, ట-7 లో గీత ఎక్కువైంది" అని అరిస్తే నాకు వెంటనే తెలుస్తోంది.

ఇంకో లెక్క కూడా వేశాను. సందుకి అవతల నిలబడిన మనిషి కళ్ళు నేలకి ఐదడుగుల ఎత్తులో ఉంటాయనుకుంటే, కంటికి ఎదురుగా ఉన్న రెండడుగుల గడి ఎంత ఎత్తుగా కనిపిస్తుందో, గోడ పైఅంచు గడి అందులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే కనిపిస్తుంది. పైనున్నవన్నీ కుదించుకుపోతాయి. అందుకే పై నాలుగు వరసల్లో వేళ్ళని దాదాపు పావు వంతు సాగదీశాను. పూర్తిగా సరిచేయలేదు, ఎందుకంటే ఎదురింటి మేడ మీద నుంచి చూసేవాళ్ళకి అవి మరీ పొడుగ్గా కనిపిస్తాయి.

12వ రోజు

ఎడమ మూలకి కూడా ప్రైమర్ వేశాం. వారం దాటింది కదా అని.

రంగులు మొదలయ్యాయి. గోడకి రంగు కొనేటప్పుడు నేను షేడ్ పేరు చూడను, డబ్బా మీద పిగ్మెంట్ కోడ్ చూస్తాను, అంటే అందులో రంగునిచ్చే పదార్థం ఏదో చెప్పే గుర్తు. చర్మానికి పీఆర్ 101, పీవై 42. రెండూ ఇనప ఆక్సైడ్లే, ఎండకీ సిమెంటుకీ లొంగవు. నీడలకి పీబీ 15, అంటే థాలో నీలం. ప్రష్యన్ నీలాన్ని సిమెంటు గోడ దగ్గరికి రానివ్వకూడదు, క్షారానికి దాని రంగు విరిగిపోతుంది. దారం ఎరుపు కోసమే ఎక్కువసేపు ఆలోచించాను. అలిజరిన్ క్రిమ్సన్, అంటే పీఆర్ 83, చూడటానికి ఎంతో లోతుగా ఉంటుంది కానీ ఎండలో వెలిసిపోతుంది. దాని బదులు అంత త్వరగా వెలవని ఎరుపు, పీవీ 19 తీసుకున్నాను. ఐదేళ్ళ తర్వాత ఈ గోడ మీద మిగతాదంతా మసకబారినా దారం కనబడాలి.

14వ రోజు

పొద్దున ఏడింటి నుంచి పదకొండున్నర దాకా ఎడమ చేతి మణికట్టు. రోజు పని ఎక్కడ ఆపాలన్నది ముందే తేల్చుకోవాలి. ఎక్కడపడితే అక్కడ ఆపితే మర్నాటి పూత అంచు గీతలా తేలుతుంది. తడి సున్నం మీద ఫ్రెస్కో వేసే ఇటలీ వాళ్ళు ఒక రోజులో వేయగలిగినంత మేరకే సున్నం పూసుకునేవాళ్ళు, ఆ ముక్కని జోర్నాతా అనేవాళ్ళు. అతుకు కనపడకుండా దాని అంచుని బట్ట మడత వెంటో చెయ్యి అంచు వెంటో తిప్పేవాళ్ళు. నేనూ అలాగే వేలి అంచు దగ్గరో నీడ అంచు దగ్గరో ఆపుతున్నాను.

17వ రోజు

మధ్యాహ్నాల సంగతి. మూడు కాన్వాసులు పూర్తి చేశాను, మూడూ చచ్చుగా ఉన్నాయి.

గోడ మీద 36 అడుగులున్న చేతుల్ని రెండడుగుల్లోకి కుదిస్తే అవి మామూలు చేతులైపోయాయి. గ్రీటింగ్ కార్డు మీది బొమ్మలా ఉంది. రంగులు అవే, గీత అదే, ఆ బరువు మాత్రం లేదు. గోడ దగ్గర ఆ చేతుల కింద నుంచి నడుస్తుంటే మనమే చిన్నవాళ్ళమవుతాం. కాన్వాసు దగ్గర ఆ చేతులు చిన్నవైపోయాయి. ఆవిడకి ఫోటో పంపాను, "బాగున్నాయి" అన్నారు. బాగుండటం వేరు. ఆ మూడింటి మీదా మళ్ళీ తెల్ల జెస్సో, అంటే కాన్వాసుకి వేసే అడుగు పూత, పూసేశాను.

19వ రోజు

పొద్దున వచ్చేసరికి ఎడమ మూలంతా పొక్కులు. క-1, ఖ-1, క-2, ఖ-2. మొన్న అక్కడే దారపు రీలు వేసి ముదురు నీలం కొట్టాం. వేలితో నొక్కితే పొక్కు పగిలి లోపల నుంచి నీళ్ళు కారాయి. గరిటెతో గీకితే రంగూ ప్రైమరూ కలిసి తోలులా ఊడి వచ్చేశాయి. కింద సిమెంటు ఇంకా నల్లగా, తడిగా ఉంది. ప్రాణం ఉసూరుమంది.

కారణం తెలిసిందే. కొత్త సిమెంటు పూత ఆరడానికి మామూలుగా 28 రోజులు ఆగాలి. అప్పటిదాకా అందులో నీరుంటుంది, క్షారం కూడా చాలా ఎక్కువ, పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది. మేము ఎనిమిదో రోజునే పైన రబ్బరు పొరలాంటి రంగు కప్పేశాం. మధ్యాహ్నం పడమటెండ ఆ ముదురు నీలాన్ని బాగా వేడెక్కించింది. లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక పొరని తోసింది. "వారం చాలు" అన్న మనిషి మాట మీద నాకు కోపంగానే ఉంది. కానీ ప్లాస్టిక్ ముక్క ఇంకొకటి అంటించి చూడటానికి నాకు ఒక్క రాత్రి చాలు. అది నేను చేయలేదు. మొదట గోడంతా పరీక్ష చేసి, సరిగ్గా అనుమానం ఉన్న చోట మాత్రం చేయలేదు.

నాలుగు గడులూ గోడ బయటపడేదాకా గీకేశాం.

22వ రోజు

ఇవాళ పరంజా మీద ట-7 వేస్తున్నాను. నడిమి వేలి కణుపు. ముఖానికీ గోడకీ మధ్య అడుగు దూరం. అంత దగ్గర నుంచి వేలు కనపడదు. ఒక ఇటుక రంగు మచ్చ, దాని పక్కన బూడిద నీలం, మధ్యలో నాలుగంగుళాల బ్రష్షుతో ఒకే ఊపులో లాగిన పసుపు తెలుపు. ఆ తెలుపే ఎముక. బ్రష్షు వెంట్రుకల చారలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. కిందికి దిగి సందు అవతలికి వెళ్ళి చూస్తే, సూదిని నెడుతున్న వేలు, బిగిసిన కణుపు.

మళ్ళీ ఎక్కాను. మళ్ళీ మచ్చలు. అలా ఐదారు సార్లు ఎక్కి దిగాను.

గడి రెండడుగులు. కాన్వాసు కూడా రెండడుగులే. పక్షం రోజులుగా రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి.

గోడని కుదించక్కర్లేదు. గోడలో ఆరు గడులు అదే సైజులో కాన్వాసు మీద వేస్తే చాలు. గోడ వేసే మనిషి తప్ప ఇంకెవరూ చూడని దూరం నుంచి, పరంజా మీద నేను చూసినట్టే. అదే బ్రష్షు, అవే డబ్బాల్లో రంగులు, గ్యాలరీ కదా అని కొత్తగా ఒక్క వివరం కూడా చేర్చకుండా.

23 నుంచి 31వ రోజు దాకా

ఇన్ని రోజులు డైరీ రాయడానికి తీరిక దొరకలేదు. పొద్దున గోడ మీద ఒక గడి వేయడం, మధ్యాహ్నం అదే గడి కాన్వాసు మీద వేయడం. అనుకున్నంత తేలిక కాదు. గోడకి గరుకు ఉంటుంది, బ్రష్షు ఎగిరెగిరి పడుతుంది. కాన్వాసు మీద అదే బ్రష్షు జారిపోతుంది. రెండోసారి వేసేటప్పుడు చెయ్యి ముందే తెలిసిన దారిలో పోతుంది, జాగ్రత్తపడుతుంది. ట-7 మూడుసార్లు వేస్తే గానీ ఆ తెల్లచార ఒక్క ఊపులో రాలేదు.

ఈ రోజుల్లో అమెరికా చిత్రకారుడు కీత్ హేరింగ్ చాలాసార్లు గుర్తొచ్చాడు. 1980 నుంచి న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో ఖాళీ ప్రకటన పలకల మీద అంటించిన నల్ల కాగితాలపై తెల్ల చాక్‌తో గీసేవాడు. పోలీసు వచ్చేలోపు అయిపోవాలి, చెరిపి దిద్దే వీలు లేదు. 1982లో టోనీ షఫ్రాజీ గ్యాలరీలో ప్రదర్శన పెట్టాక కూడా సబ్‌వేలో గీయడం మానలేదు. 1989లో ఇటలీలోని పీసాలో ఒక చర్చి వెనక గోడ మీద 30 ఆకారాలతో 180 చదరపు మీటర్ల బొమ్మ వేశాడు. నా గోడ 80 చదరపు మీటర్లే. చాక్ ముక్కైనా పెద్ద బ్రష్షైనా ఆయన గీతలో తొందర ఒకటే. చోటు మారిందని చెయ్యి మార్చలేదు. నాకు కావాల్సిన ధైర్యం అక్కడ దొరికింది.

మెత్తటి నీడల కోసం రెండు రోజులు స్ప్రే వాడాం. తమ్ముడు గుడ్డ మాస్కుతో వస్తే వెనక్కి పంపాను. మామూలు మాస్కు ధూళిని ఆపుతుంది గానీ ద్రావకాల ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటరే కావాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

33వ రోజు

సిమెంటు పూసి 28 రోజులు దాటాయి. నిన్న సాయంత్రం ఎడమ మూల మళ్ళీ ప్లాస్టిక్ అంటించాం. ఇవాళ తీస్తే రెండో వరస పొడిగా ఉంది. మొదటి వరసలో ఇంకా బిందువులు. అంటే పైపు ఒక్కటే కాదు, నేల నుంచి కూడా చెమ్మ ఎక్కుతోంది.

తెచ్చిన రీలు డిజైన్ మడిచి పక్కన పెట్టేశాను. క-1, ఖ-1 గడులకి రంగు వేయడం లేదు. సిమెంటు అలాగే ఉంటుంది, గోడకి ఊపిరాడుతుంది. ఎర్ర దారం ఇప్పుడు రీలు నుంచి కాకుండా ఆ ఉత్త సిమెంటు అంచు నుంచే మొదలవుతుంది. పెద్దాయన బయటికి వచ్చి చూసి, "గోడే దారం వదుల్తున్నట్టుంది" అన్నారు. ఆ రీలు ఉండుంటే ఆయన ఈ మాట అనేవారు కాదు.

38వ రోజు

ఆరు కాన్వాసులూ చూడటానికి గ్యాలరీ ఆవిడ వచ్చారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇది ఏంటో జనానికి అర్థం కాదేమో" అన్నారు చివరికి.

"మేడమ్, ఒకసారి సందులోకి రండి."

కాన్వాసు చేత్తో పట్టుకుని తీసుకెళ్ళాను. పరంజా అప్పటికి సగం విప్పేశారు. సందు అవతల నిలబెట్టి ముందు గోడ చూపించాను, తర్వాత చేతిలోది. ఆవిడ కాన్వాసు తీసుకుని, చెయ్యి చాచి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి గోడ మీద ట-7 ఎక్కడుందో వెతికారు. దొరికాక నవ్వారు. పక్కన గోడ ఫోటో పెడదామన్నారు. నేను వద్దన్నాను. ఒకే ఒక్క షరతు అడిగాను: పేర్లకి బదులు గడి నంబర్లు, కింద గోడ ఉన్న చోటు. చూడాలనిపించినవాళ్ళు నడిచి వస్తారు. దీని మీద అరగంట వాదించుకున్నాం, ఆవిడ పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. సరే, మొదటి వారం ఇలాగే చూద్దాం అన్నారు.

41వ రోజు

ఆఖరి పూత. ఎండకి రంగు వెలవకుండా కాపాడే యూవీ వార్నిష్ పై వరసలన్నిటికీ వేశాం, కింది రెండు వరసలు వదిలేశాం. చెమ్మ ఉన్న గోడకి వార్నిష్ వేస్తే మళ్ళీ పొక్కులకి మనమే దారి ఇచ్చినట్టు. పరంజా మొత్తం దిగింది.

48వ రోజు

గ్యాలరీలో బొమ్మలు వేలాడదీశాం. మామూలుగా బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండేలా చూస్తారు, అది సగటు మనిషి కంటి ఎత్తు. ఐదింటిని అలాగే పెట్టాం. త-11 మాత్రం తల ఎత్తితే తప్ప కనపడనంత పైన పెట్టమన్నాను, గోడ మీద ఆ గడి పైఅంచు 22 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి. ఇది మాత్రం ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు.

సాయంత్రం పెద్దాయన వచ్చారు. ట-7 దగ్గర నిలబడి, "ఇది నెట్టే వేలు" అని పక్కనున్నవాళ్ళకి చెప్పారు. ఫోటోలో గోడ చూడకుండానే, మచ్చల్లో నుంచే పోల్చుకున్నారు.

50వ రోజు

మిగిలిన రంగుల్ని చిన్న సీసాల్లో పోసి, ఏ రంగు ఏ గడుల్లో వాడామో మూతల మీద రాసి ఓనరు గారికి ఇచ్చాను. పీవీ 19 సీసా మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. వానలు వెలిశాక క-2, ఖ-2 మీద మళ్ళీ ప్లాస్టిక్ అంటించి చూడాలి. తమ్ముడికి చెప్పాను, టేపు వాడి బ్యాగులోనే ఉంది.